ఫిబ్రవరిలో తిరిగొచ్చేయనా?

జపాన్‌లోని క్యోటో నుంచి ఒకమ్మాయి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దంది. చాలా పొడవుగా ఉంది కాబట్టి కుదించి చెబుతున్నాను.

ఆమెకు ఇరవై ఏళ్లు. బీటెక్ మూడో సంవత్సరం. తన కాలేజీకీ అక్కడి యూనివర్సిటీకీ ఉన్న ఒప్పందం మీద ఏడాది పాటు చదవడానికి ఎక్స్ఛేంజ్ స్టూడెంట్‌గా సెప్టెంబరు చివర్లో వెళ్లింది. నెలకు 80,000 యెన్ల స్కాలర్‌షిప్ వస్తోంది. చాలని దానికి నాన్న అప్పు చేశారు. మొదటి నెల హుషారుగానే గడిచింది. ఇప్పుడు డిసెంబరు వచ్చేసరికి పొద్దున లేవబుద్ధి కావడం లేదు. "ఇక్కడ ఎవరూ నన్ను ఒక్క మాట అనరు. నాతో ఒక్క మాట మాట్లాడరు కూడా" అని రాసింది. ల్యాబ్‌లో అందరూ రాత్రి దాకా చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటారు. "ఎప్పుడైనా కలిసి భోజనానికి వెళ్దాం" అంటారు, ఆ ఎప్పుడు రాదు. ఒకరోజు తను పెట్టిన చెత్త సంచి తీసుకెళ్లకుండా దానికి ఒక కాగితం అంటించి వదిలేశారు. ఆ రోజంతా ఏడ్చింది. శాకాహారి. రెండు నెలలుగా రోజూ తాగుతున్న మీసో సూప్‌లో చేప రసం ఉంటుందని ఈ మధ్యే తెలిసింది, ఇంట్లో చెప్పలేదు. అమ్మ పనులన్నీ ముగించుకుని పదింటికి ఫోన్ చేస్తుంది. అక్కడ అప్పటికి రాత్రి ఒంటిగంటన్నర. "బాగున్నానమ్మా" అని పెట్టేసి మూడింటి వరకు మేలుకునే ఉంటుంది, మొదటి క్లాసు పోతుంది. డార్మ్‌లో కొందరు ఉత్తరాది విద్యార్థులు ఆదివారాలు కలిసి వండుకుంటారు. కొన్నిసార్లు వెళ్లింది. "జపాన్ వెళ్లి కూడా మనవాళ్లతోనేనా?" అని ఒక సీనియర్ అనేసరికి మానేసింది. ఓరియెంటేషన్‌లో ఒక గ్రాఫ్ చూపించారట, మొదట సంతోషం, తర్వాత పతనం, ఆ తర్వాత మళ్లీ పైకి. "నా గీత ఎప్పుడు పైకి లేస్తుంది?" అని అడిగింది. చివరికి ఇలా రాసింది: "ఫిబ్రవరి మొదట్లో సెమిస్టర్ అయిపోతుంది. అప్పుడే తిరిగొచ్చేయనా? వస్తే పరువూ పోతుంది, నాన్న చేసిన అప్పూ వృథా. ఉంటే నేను మిగలనేమో అనిపిస్తోంది."

అమ్మా, నీ చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను, అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను. "మిగలను" అంటే అలసిపోయాను, ఇక నావల్ల కాదు అనేనా? లేక బతకాలని లేదన్న ఆలోచన వస్తోందా? రెండోదైతే ఈ జవాబు పక్కన పెట్టి, ఈరోజే మీ యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌కి వెళ్లి కౌన్సెలర్‌ని అడుగు. డార్మ్‌లో ఒక్కరికైనా చెప్పు, ఎవరికైనా సరే. ఆ క్షణంలో ఎవరూ దొరక్కపోతే అంబులెన్స్ నంబరు 119. ఖర్చు గురించి బెంగ వద్దు. మూడు నెలలకు మించి ఉండే విదేశీ విద్యార్థులంతా అక్కడ జాతీయ ఆరోగ్య బీమాలో చేరాల్సిందే కాబట్టి, వార్డు ఆఫీసులో అడ్రస్ రాయించుకున్నప్పుడు నీకూ ఆ కార్యక్రమం జరిగే ఉంటుంది. బయట డాక్టర్ దగ్గరికి వెళ్లినా ఆ బీమా కిందకు వచ్చే వైద్యానికి బిల్లులో 30 శాతమే నీ వంతు, అది మానసిక వైద్యానికీ వర్తిస్తుంది. కౌన్సెలర్‌కి చెప్పింది ప్రొఫెసర్ దాకా వెళుతుందేమోనని భయమా? లోపలికి వెళ్లగానే ముందు ఆ ప్రశ్నే అడుగు. బతకాలన్న ఆశ పోకపోయినా, రెండు వారాలుగా మంచం దిగలేకపోవడం, తిండి సయించకపోవడం ఉంటే అప్పుడూ వెళ్లాలి.

అలసటే అయితే, మిగతాది చదువు.

నీ ఉత్తరంలో ఏడెనిమిది కష్టాలున్నాయి. నువ్వు అన్నిటినీ ఒకే మాటగా చదువుకుంటున్నావు: "నేను వీళ్లకు అక్కర్లేదు" అని. చెత్త సంచి మీద కాగితం, ల్యాబ్‌లో ఇయర్‌ఫోన్లు, సూప్‌లో చేప, అన్నీ నీకు అదే చెబుతున్నట్టు వినిపిస్తున్నాయి. వాటిని విడదీద్దాం. కొన్ని చాలా తేలిగ్గా తెగిపోతాయి.

చెత్త సంగతి అలాంటిదే. క్యోటోలో కాల్చే చెత్తకు పసుపు సంచి, సీసాలు, డబ్బాలు, ప్లాస్టిక్ లాంటి వాటికి పారదర్శకంగా ఉండే సంచి. దేని రోజు దానిది. తప్పు సంచిలోనో తప్పు రోజునో పెడితే కారణం రాసిన కాగితం అంటించి వదిలేస్తారు. జపాన్‌లోనే పక్క ఊరి నుంచి క్యోటోకి మారినవాళ్లకూ అదే కాగితం అంటిస్తారు, ఎందుకంటే ఊరికో పద్ధతి. ఆ కాగితం ఫోటో తీసి అనువాదం చేసుకుని చూడు. అందులో నీ గురించి ఏమీ ఉండదు, సంచి గురించే ఉంటుంది.

ఇక ఆ గ్రాఫ్. 1955లో లిస్‌గార్డ్ అనే నార్వే పరిశోధకుడు అమెరికాకు ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ మీద వెళ్లొచ్చిన నార్వేవాళ్లను కలిసి మాట్లాడి రాసిన దాని నుంచి వచ్చింది ఆ గీత. ఆరు నెలల లోపు ఉన్నవాళ్లు బాగానే ఇమిడిపోయామన్నారు, ఆరు నుంచి పద్దెనిమిది నెలలు ఉన్నవాళ్లు ఎక్కువ ఇబ్బంది పడ్డామన్నారు, అంతకు మించి ఉన్నవాళ్లు మళ్లీ బాగానే ఉన్నామన్నారు. అంటే వేర్వేరు మనుషుల్ని పోల్చి గీసిన గీత అది. ఒక మనిషి వెంట ఏడాదంతా ఉండి గీసింది కాదు. పైగా దాన్నే నమ్మితే, ఆరో నెల దాకా నువ్వు బాగుండాలి, ఆ తర్వాత ఇంటికి వచ్చేదాకా కిందే ఉండాలి! కాబట్టి నీ గీత ఎప్పుడు లేస్తుందా అని క్యాలెండర్ చూస్తూ కూర్చోకు. ఆ స్లయిడ్ చూపించేవాళ్ల ఉద్దేశం మంచిదే, కానీ అది వాతావరణ సూచన కాదు.

క్యాలెండరే చూడాలనుకుంటే, వేరే క్యాలెండర్ ఒకటి ఉంది. నీకు ఇది ఎవరూ చెప్పినట్టు లేదు. జపాన్‌లో విద్యా సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. నువ్వు వెళ్లింది సరిగ్గా మధ్యలో. అప్పటికే క్లాసులో జట్లు కట్టేశారు, సర్కిళ్లలో, అంటే విద్యార్థి క్లబ్బుల్లో, చేరేవాళ్లు చేరిపోయారు. నీ ల్యాబ్‌లో ఉన్నది ఎవరు? నాలుగో సంవత్సరం వాళ్లు, మాస్టర్స్ వాళ్లు. వాళ్ల థీసిస్‌లు సాధారణంగా జనవరి, ఫిబ్రవరిల్లో ఇవ్వాలి, ఆ వెంటనే ప్రెజెంటేషన్లు. రాత్రి దాకా ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నవాళ్లు నిన్ను దూరం పెట్టడం లేదు, గడువు తరుముతుంటే పరుగెత్తుతున్నారు. అందరూ ఏడాది మొత్తంలో ఎక్కువ టెన్షన్‌లో ఉండే నెలల్లో నువ్వు వాళ్ల స్నేహాన్ని తూకం వేస్తున్నావు. దానికి తోడు చలి, పొద్దు. డిసెంబరులో అక్కడ సాయంత్రం ఐదు కాకముందే చీకటి పడుతుంది. మూడింటికి పడుకుని పదింటికి లేచే మనిషికి ఎన్ని గంటల వెలుతురు మిగులుతుందో లెక్కేసుకో.

ఏప్రిల్‌లో ఏమవుతుందంటే, ప్రతి సర్కిలూ కొత్తవాళ్ల కోసం క్యాంపస్‌లో బల్లలు వేసుకుని దారినపోయే వాళ్లను పిలుస్తుంది. ల్యాబ్‌లోకి కొత్తగా నాలుగో సంవత్సరం వాళ్లు వస్తారు. వాళ్లకు ప్రింటర్ ఎలా పనిచేస్తుందో కూడా తెలియదు. నీకు తెలుసు. మొదటిసారి నువ్వు పాతదానివి అవుతావు. ఫిబ్రవరిలో వచ్చేస్తే ఇది చూడకుండానే వచ్చేస్తావు. ఉండిపొమ్మని చెప్పడానికి ఈ మాట అనడం లేదు. ఆ సంగతీ తెలుసుకుని నిర్ణయించుకో అంటున్నాను.

మరి ఏప్రిల్ దాకా నోరు మూసుకుని కూర్చోవాలా అంటే అదీ కాదు. "ఎప్పుడైనా వెళ్దాం" అన్నవాళ్ల కోసం ఎదురుచూడకు. రోజు, గంట నువ్వే చెప్పు. "బుధవారం పన్నెండున్నరకి క్యాంటీన్‌కి వెళ్తున్నాను, వస్తావా?" అని ఒక్కరినే అడుగు, ల్యాబ్ మొత్తాన్ని కాదు. రాకపోతే ఇంకో వారం ఇంకొకరిని. అక్కడి పిల్లల్లో చాలామందికి ఇంగ్లిష్ చదవడం వచ్చు, మాట్లాడాలంటే బిడియం. నీ జపనీస్ తప్పులతో మొదలైతే వాళ్లకే ధైర్యం వస్తుంది. ఇంకా మంచి దారి, చిన్న సాయం అడగడం. ఆ చెత్త కాగితమే పట్టుకెళ్లి "ఇది ఏమంటోంది?" అని అడుగు. మాట కలపడానికి వాళ్లకు ఒక పని కావాలి, ఊరికే కబుర్లు చెప్పమంటే ఇద్దరికీ ఇబ్బందే.

క్యాంపస్ బయట కూడా ఒకటుంది. కెఆగే స్టేషన్ దగ్గర క్యోటో నగర అంతర్జాతీయ కేంద్రం ఉంది, కొకొకా అంటారు. జపనీస్ నేర్పించే క్లాసులుంటాయి, విదేశీయుల సమస్యలకు సలహా ఇస్తారు. భాష కోసం వెళ్లినా మనుషులు దొరుకుతారు, అదీ థీసిస్ గొడవ లేని మనుషులు.

ఇక మన ఆదివారం వంట జట్టు. ఆ సీనియర్ మాట విని మానేయడం నాకు నచ్చలేదు. నెలల తరబడి ప్రతి వాక్యాన్నీ మనసులో కూర్చుకుని మాట్లాడే మనిషికి వారంలో ఒక పూట ఆలోచించకుండా మాట్లాడే చోటు ఉండాలి. హిందీ అంతంత మాత్రమే అన్నావు, ఫరవాలేదు, ఉల్లిపాయలు కోయడానికి అంతకంటే భాష అక్కర్లేదు. అయితే ఒకటి. ఆదివారం ఒక్కటే అయితే ఊపిరి, రోజూ అయితే అదే గోడ. ప్రతి సాయంత్రమూ వాళ్ల గదిలోనే గడిస్తే ఆగస్టులో వచ్చేటప్పుడు నీకు జపాన్ గురించి వాళ్ల ఫిర్యాదులు మాత్రమే తెలిసి ఉంటాయి. ఎక్కడ ఆపాలో నీకు తెలుస్తుంది.

నాన్న అప్పు గురించి ఆలోచించి పార్ట్‌టైమ్ పని చేద్దామా అని కూడా మధ్యలో ఒక వాక్యం రాశావు. చేయొచ్చు. నీ వీసా మీద పని చేయాలంటే ఇమిగ్రేషన్ అనుమతి విడిగా ఉండాలి. దిగినప్పుడు ఎయిర్‌పోర్టులో తీసుకుని ఉంటే నీ రెసిడెన్స్ కార్డు వెనక ముద్ర ఉంటుంది, తిప్పి చూడు. ఆ అనుమతితో వారానికి 28 గంటలు, యూనివర్సిటీ పెద్ద సెలవుల్లో రోజుకు 8 గంటల వరకు. స్కాలర్‌షిప్ షరతులు ఒప్పుకుంటాయో లేదో కూడా కనుక్కో. గంటలు దాటితే వీసాకే ముప్పు, ఎవరు "ఏం కాదులే" అన్నా నమ్మకు. నా దృష్టిలో వారానికి రెండు పూటలు చాలు. డబ్బు కొద్దిగానే వస్తుంది, కానీ ఫలానా గంటకు నువ్వు రాకపోతే "ఏమైంది?" అని అడిగే చోటు ఒకటి ఏర్పడుతుంది. నీ వారంలో ఇప్పుడు అలాంటిది ఒక్కటీ లేదు. పరీక్షలు దగ్గర పడుతున్నాయి కాబట్టి ఇది ఫిబ్రవరి తర్వాతి మాట.

తిండి విషయంలో ముందు ఆ అపరాధ భావన దించుకో. తెలియక తాగావు. అక్కడ మీసో సూప్ మాత్రమే కాదు, నూడుల్స్ పులుసు, ఉడికించిన కూరలు, ఆఖరికి నత్తో అనే పులియబెట్టిన సోయా గింజల ప్యాకెట్‌తో వచ్చే చిన్న సాస్ పొట్లంలో కూడా చాలావరకు ఎండబెట్టిన బొనీటో చేప రసం ఉంటుంది. "మాంసం లేకుండా" అని అడిగితే మాంసం ముక్కలు తీసేసి ఇస్తారు, చేప రసం వాళ్ల లెక్కలో మాంసం కాదు. ఇప్పుడు తెలిసింది కాబట్టి ఎంత పట్టింపుగా ఉండాలో నువ్వే తేల్చుకోవాలి.

పూర్తిగా పాటిస్తానంటే నీ వంట నువ్వే చేసుకోవాలి. కష్టం కాదు. వంకాయ, బెండకాయ, క్యాబేజీ, ముల్లంగి, పాలకూర సూపర్‌మార్కెట్లో ఉంటాయి. టోఫు చవక. కందిపప్పు, పోపు సామాను దక్షిణాసియా సరుకులమ్మే ఆన్‌లైన్ దుకాణాల నుంచి తెప్పించుకోవచ్చు. అక్కడి మెత్తటి బియ్యం పులిహోరకు పనికిరాదు గానీ పెరుగన్నానికి మన బియ్యం కంటే బాగుంటుంది, మామూలు పెరుగు ఏ షాపులోనైనా దొరుకుతుంది. కొంబు అనే సముద్రపు నాచుతో గానీ ఎండు షీటాకే పుట్టగొడుగులతో గానీ సూప్ కాచుకుంటే చేప అక్కర్లేదు. దీని నష్టం ఏమిటంటే ల్యాబ్ వాళ్లతో బయటికి వెళ్లినప్పుడు నీ ముందు అన్నం, ఉప్పేసిన ఎదమామె, అంటే పచ్చి సోయా గింజలు మాత్రమే మిగలొచ్చు. వెళ్లే ముందే చెబితే చోటు మార్చేవాళ్లూ ఉంటారు.

రెండో దారి, కంటికి కనిపించే చేప, మాంసం ముట్టకుండా, రసం సంగతి చూసీచూడనట్టు వదిలేయడం. చాలామంది అలాగే నెట్టుకొస్తారు, మనుషులతో కలవడం సులువవుతుంది. కానీ ప్రతి ముద్దకూ మనసు పీకుతుంటే ఆ సులువు నీకు పనికిరాదు. ఇది అమ్మ నమ్మకమా, నీ నమ్మకమా అని నీకు నువ్వే అడుగు. రెండూ అయితే మొదటి దారే. ఇంకో మాట, ఇంటి నుంచి పార్సిల్ తెప్పించుకుంటే తాజా కరివేపాకు, పచ్చిమిర్చి పెట్టించకు. తాజా కాయలూ ఆకులూ తనిఖీ సర్టిఫికెట్ లేకుండా రానివ్వరు. డార్మ్ స్నేహితుల కోసమని మాంసం పచ్చళ్లు అసలే వద్దు.

అన్నిటికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఒంటిగంటన్నర ఫోన్. రోజు మొత్తంలో నువ్వు తెలుగు మాట్లాడేది ఆ పావుగంటే, అందులోనూ చెప్పేది అబద్ధం. తర్వాత నిద్ర పట్టకపోవడంలో ఆశ్చర్యం లేదు. ముందు వేళ మార్చు. మనకంటే అక్కడ మూడున్నర గంటలు ముందు. నీకు రాత్రి తొమ్మిది అంటే అమ్మకు సాయంత్రం ఐదున్నర, పొయ్యి దగ్గరికి వెళ్లే ముందు పది నిమిషాలు దొరుకుతాయి. అదీ కుదరకపోతే మామూలు రోజుల్లో వాయిస్ మెసేజ్, ఆదివారం తీరిగ్గా మాట్లాడటం. "రాత్రి మేలుకుంటే పొద్దున క్లాసు పోతోందమ్మా" అంటే కాదనే తల్లి ఉండదు.

ఏం చెప్పాలన్నది వేరే ప్రశ్న. అంతా ఒకేసారి కక్కేస్తే అమ్మ ఆ రాత్రే "వచ్చెయ్" అంటుంది, అప్పుడు నిర్ణయం నీ చేతిలోంచి జారిపోతుంది. ఏమీ చెప్పకపోతే ఇదే నాటకం ఆగస్టు దాకా, ఫిబ్రవరిలో "వచ్చేస్తున్నా" అంటే వాళ్లకు పిడుగు పడినట్టవుతుంది. మధ్యలో ఒక దారి ఉంది. ఈ వారం ఒక నిజం చెప్పు: నిద్ర సరిగ్గా లేదని. వచ్చే వారం ఇంకొకటి: ఇంకా స్నేహితులు కుదరలేదని. దాంతోపాటు ఆ విషయంలో నువ్వేం చేస్తున్నావో కూడా. మీ నాన్న మాటల మీద నీకు గురి ఉన్నట్టు ఉత్తరంలో కనిపిస్తోంది. డబ్బు సంగతి మాత్రం ఆయనతోనే విడిగా మాట్లాడు.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న. ఫిబ్రవరిలో పూర్తిగా వచ్చేయడం తప్పేమీ కాదు. పరువు అంటావా, చుట్టాలకు నీ కంటే పెద్ద వార్త ఉగాదిలోపే దొరుకుతుంది. అప్పు వృథా అన్న లెక్క కూడా సరికాదు. అయిన ఖర్చు ఎలాగూ అయిపోయింది, ఉన్నా వచ్చినా అది తిరిగి రాదు. చూడాల్సింది ఇక ముందు పెట్టబోయే డబ్బు. నిజంగా చూడాల్సిన ఇబ్బంది చదువు దగ్గర ఉంది. మన దగ్గర రెండో సెమిస్టర్ జనవరికల్లా మొదలైపోతుంది. ఫిబ్రవరి మధ్యలో వచ్చి చేరితే అటెండెన్స్ సరిపోతుందా? సరిపోకపోతే ఆ సెమిస్టర్ పోయినట్టే, తోటివాళ్లకంటే వెనకబడతావు. అక్కడ రాసిన పరీక్షల క్రెడిట్లు సగం ఏడాదికైనా ఇక్కడ కలుపుతారా అన్నది కాలేజీ నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి. స్కాలర్‌షిప్ ఆగిపోతుంది, ఇచ్చింది తిరిగి కట్టమంటారేమో షరతులు చూడాలి. డార్మ్‌కి ముందస్తు నోటీసు, వార్డు ఆఫీసులో ఊరు వదులుతున్నట్టు నమోదు, బీమా మూసేయడం కూడా ఉంటాయి.

ఇంకేం మారకుండా ఆగస్టు దాకా పళ్లు బిగించి ఉండటం రెండోది. అది నేను ఎవరికీ చెప్పను.

మూడోది నువ్వు ఆలోచించినట్టు లేదు. ఫిబ్రవరి, మార్చి మీకు వసంతకాలపు సెలవులు, దాదాపు రెండు నెలలు. అప్పుడు మూడు నాలుగు వారాలు ఇంటికొచ్చి, అమ్మ చేతి అన్నం తిని, నిద్రపోయి, మార్చి చివరికి వెళ్లు. వచ్చేస్తే బాగుండునా, వెళ్లాలా అన్నది ఇంటి దగ్గర పగటి వెలుతురులో కూర్చుని ఆలోచించినట్టు అక్కడ రాత్రి మూడింటికి ఆలోచించలేవు. దీనికీ ఖర్చుంది, విమానం టికెట్ తక్కువేం కాదు. స్కాలర్‌షిప్ సాధారణంగా నెలనెలా నువ్వు అక్కడ ఉన్నట్టు సంతకం చేస్తేనే వస్తుంది కాబట్టి, ఒక నెల డబ్బు పోయే అవకాశం ఉంది. ఇంకో ప్రమాదం, వచ్చాక వెళ్లబుద్ధి కాకపోవచ్చు. అప్పుడు డార్మ్‌లో సామాను, వార్డు ఆఫీసు పనులు దూరం నుంచి తేల్చుకోవడం పెద్ద తలనొప్పి. అందుకే బయల్దేరే ముందు గది సర్దిపెట్టు, ముఖ్యమైన కాగితాలు వెంట తెచ్చుకో.

ఏది ఎంచుకున్నా, మీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుకి ఈ వారంలోనే వెళ్లు. డిసెంబరు చివరి రోజుల నుంచి కొత్త సంవత్సరం మొదటి రోజుల దాకా అక్కడ ఆఫీసులు మూసేస్తారు. "మానేస్తున్నాను" అని చెప్పక్కర్లేదు. "ఒక సెమిస్టర్‌తో ఆపితే ఏమవుతుంది, సెలవుల్లో ఇంటికెళితే స్కాలర్‌షిప్ ఏమవుతుంది" అని రెండు ప్రశ్నలు అడిగి జవాబు ఈమెయిల్‌లో ఇమ్మను. మీ కాలేజీ కోఆర్డినేటర్‌కి క్రెడిట్ల గురించి మరో ఈమెయిల్. ఈ జవాబులు వచ్చేదాకా ఏ నిర్ణయమూ తీసుకోకు. జనవరి మధ్యలో వాటిని ముందు పెట్టుకుని నాన్నతో కూర్చుని మాట్లాడు.

సెలవులకు వచ్చేటట్టయితే మాత్రం ఒకటి గుర్తుపెట్టుకో. పాస్‌పోర్టుతోపాటు రెసిడెన్స్ కార్డు వెంట ఉండాలి. ఎయిర్‌పోర్టులో ఇచ్చే రీఎంట్రీ కార్డు మీద, తిరిగి వస్తాననే గడిలో టిక్ పెట్టాలి. అది పెట్టకుండా దాటితే నీ వీసా అక్కడితో ముగిసిపోతుంది, మళ్లీ మొదటి నుంచి దరఖాస్తు చేయాలి. తిరిగి వెళ్తావో లేదో తేలకపోయినా సరే, ఆ టిక్ పెట్టే రా.